మూడు పనిదినాల మౌనం

"మా అమ్మ కింద నుంచి ఆ పరుపు లాగాలంటే ముందు నన్ను లాగి అవతల పడెయ్యండి!"

గుమ్మానికి అడ్డంగా రెండు చేతులూ చాచి నిలబడ్డాడు ఆయన. బయట మెట్ల మీద కంపెనీ స్టోర్సు గుమాస్తా. చంకలో మడతపెట్టిన అట్టపెట్టె, చేతిలో జాబితా. పాపం, ఆ మనిషికి ఈ ఇంటితో ఏ తగువూ లేదు. కాగితంలో పద్నాలుగో వరుస చదువుకుని, అడ్రసు వెతుక్కుంటూ వచ్చాడు.

"నన్నంటే ఏం లాభం సార్? గాలిపరుపు నమూనా ఒకటి, పంపు ఒకటి, రబ్బరు నాలుకల అచ్చులు రెండు. రేపు పదకొండింటికి బండి కదలాలి. సోమవారానికల్లా ఇవి మంచుటీము వాళ్ళకు చేరాలట."

"దాని మీద మనిషి పడుకుని ఉందయ్యా!"

గుమాస్తా జాబితా ఇంకోసారి చూశాడు. "అది ఇందులో రాయలేదు సార్."

నవ్వొచ్చే మాటే. నవ్వే ఓపిక ఎవరికీ లేదు ఆ ఇంట్లో.

"రేపు పదిన్నరకు రండి. ఈలోగా నేను మాట్లాడతాను," అంది వెనక నుంచి ఆయన భార్య.

ఆయన వెనక్కి తిరిగాడు. "ఎవరితో మాట్లాడతావు? నీతో నువ్వే మాట్లాడుకుంటావా? ఆ రూలు రాసిన చెయ్యి నీదే కదా."

గుమాస్తా అట్టపెట్టెను మెట్ల పక్కన గోడకు ఆనించాడు. "ఇది ఇక్కడే ఉంచుతాను మేడమ్, రేపు మళ్ళీ మోసుకురావడం తప్పుతుంది," అని చల్లగా జారుకున్నాడు.

ఆమె కంపెనీ కోఆర్డినేటరు, అక్కడ అందరూ వంతెనమ్మ అంటారు. మూడు దేశాల్లో మూడు టీములు. ఇక్కడ నమూనాల గది, దానికి పెద్ద ఆమె భర్తే. ఏడాదిలో ఏడు నెలలు మంచు కురిసేచోట సెన్సర్లు చేసేవాళ్ళు, వాళ్ళది మంచుటీము. సముద్రం మధ్యలో ఎక్కడో పరీక్షలు చేసేవాళ్ళు, వాళ్ళది దీవిటీము. కొత్త ఆలోచన ఎక్కడ పుట్టినా, దాన్ని ఎవరు పెంచాలో ఎవరు పరీక్షించాలో తేల్చడం ఆమె పని. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆ రెండింటి మధ్యా పన్నెండేళ్ళు నెట్టుకొచ్చింది మహాతల్లి.

మూడు రోజుల రూలు ఆవిడ ఘనతే. అంతకుముందు ఒక టీము "ఈ పని మేం తీసుకుంటాం" అంటే, తక్కిన ఇద్దరూ ఉలుకూ పలుకూ లేకుండా నెలలు గడిపేవారు. ఔనన్నట్టూ కాదు, కాదన్నట్టూ కాదు. రెండేళ్ళ కిందట ఆవిడ ఒకే ఒక్క వాక్యం రాసి పెట్టింది. మూడు పనిదినాల్లో అభ్యంతరం రాకపోతే ఒప్పుకున్నట్టే. పై ఆఫీసువాళ్ళు ఆ వాక్యాన్ని నెత్తిన పెట్టుకున్నారు.

ఆ వాక్యమే ఇప్పుడు అట్టపెట్టె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

*

పరుపు మీది మనిషి ఆయన తల్లి. పక్షవాతం వచ్చి నడుము కింది భాగం చచ్చుబడి రెండేళ్ళయింది. బజారులో కొన్న గాలిపరుపు మీద నాలుగు నెలలు పడుకునేసరికి నడుము మీద పుండు పడింది, రూపాయి బిళ్ళంత. బజారు పరుపు గడియారం చూసుకుని గాలి మారుస్తుంది. పైన మనిషి ఎటు ఒరిగి ఉందో దానికి పట్టదు.

అప్పుడే ఆయన పాత సైకిలు ట్యూబు కోసి, నాలుకలాంటి చిన్న రబ్బరు మూత చేశాడు. బరువు ఎక్కడ పడితే అక్కడ ఆ నాలుక తనంతట తానే కాస్త తెరుచుకుని గాలి వదులుతుంది. కరెంటు అక్కర్లేదు, సెన్సరు అక్కర్లేదు. పరుపులోని ఇరవై నాలుగు గొట్టాలకు ఇరవై నాలుగు నాలుకలు. మూడు నెలల్లో పుండు మానింది. ఆ తరవాతే అది కంపెనీ నమూనా అయింది. ఇంటి మంచం మీదే పరీక్ష జరగనిమ్మని కంపెనీ వాళ్ళే అన్నారు.

పదిహేడు రోజుల కిందట, ఒక సోమవారం, మంచుటీము నుంచి నోటీసు వచ్చింది. నాలుకల పని ఇకమీద మేం చూస్తాం, నమూనాలూ అచ్చులూ మాకు పంపండి అని. అదే సోమవారం తెల్లవారుజామున ముసలావిడకు ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. ఆయన సెలవు పెట్టి వారం రోజులు ఆసుపత్రి బల్ల మీదే ఉన్నాడు. తిరిగి నమూనాల గదిలో అడుగుపెట్టేసరికి గడువు దాటి ఆరు రోజులయింది.

ఆయన సెలవులో ఉంటే నోటీసులు ఆయన స్నేహితుడికి వెళ్తాయి. లేతు మిషను దగ్గర పాతికేళ్ళుగా పనిచేసే మేస్త్రి. ఈ ఇంట్లో అతన్ని మరమేకు అంటారు. ఆ పేరు పెట్టింది ముసలావిడే. "వీడికి మాట లోపలికి దిగడమే గానీ బయటికి రావడం తెలీదురా," అంటూ.

నోటీసు చూసి కూడా మాట్లాడని పాపం ఆ మరమేకుదే అని తేలిపోయింది. ఆయనే తేల్చేశాడు. తొమ్మిది రోజులుగా వాడి ముఖం చూడలేదు.

తేలనిది ఆ ఇంట్లో ఒక్క వంతెనమ్మకే తెలుసు.

*

గుమాస్తా వెళ్ళిన పావుగంటకే మళ్ళీ తలుపు చప్పుడైంది. ఈసారి మరమేకు. చేతిలో చిన్న గుడ్డసంచి.

"ఎందుకొచ్చావు?" అన్నాడు ఆయన. లోపలికి రమ్మనలేదు.

"అమ్మను చూద్దామని."

"చూడ్డానికేముంది? రేపటి నుంచి మళ్ళీ పుండు పడుతుంది. అప్పుడు రా, చూద్దువుగాని."

మరమేకు తల వంచుకున్నాడు. సంచిలోంచి ఏదో తీయబోయి ఆగాడు. "అచ్చులు పోతే పోనీరా. నా చేతికి కొలత గుర్తుంది. రెండ్రోజులు టైమిస్తే ఇరవై నాలుగూ మళ్ళీ కోసిస్తాను. పాత ట్యూబులు తెచ్చాను కూడా."

"నీ చేతికి కొలత గుర్తుంటుంది. నీ నోటికి మాత్రం ఒక్క మాట గుర్తుండదు. 'అభ్యంతరం' అని ఒక్క ముక్క కొట్టి పంపడానికి ఎంతసేపురా? మా అమ్మకు ఆక్సిజన్ పెట్టిన రోజున నా పని కాపలా కాయమని నీకప్పజెప్పి వెళ్ళాను. కంచే చేను మేసినట్టు చేశావు."

"ఒరేయ్..."

"చూశావా లేదా ఆ నోటీసు? అదొక్కటి చెప్పు."

"చూశాను."

"చూసి?"

మరమేకు కళ్ళు ఒక్క క్షణం ఆయన భుజం మీదుగా లోపలికి చూశాయి. అక్కడ వంటింటి గడపలో వంతెనమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది.

"చూసి... ఊరుకున్నాను," అన్నాడు మరమేకు.

అది అబద్ధం. ఆ మంగళవారం అతను ఆసుపత్రికి ఫోన్ చేశాడు. ఆయనకు కాదు, ఆమెకు. "చెల్లెమ్మా, మంచుటీము వాళ్ళ నుంచి ఏదో వచ్చింది. నాలుకలు వాళ్ళు తీసుకుంటామంటున్నారు. వాణ్ణి ఈ టైములో కదిలించమంటావా?" అని అడిగాడు. "వద్దన్నయ్యా, ఆయన అసలే కంగారుగా ఉన్నారు. నేను చూసుకుంటాను," అంది ఆమె. ఆ మాట మీద అతను నిశ్చింతగా వెళ్ళి లేతు ముందు నిలబడ్డాడు.

ఆమె చూసుకోలేదు. అభ్యంతరం తెలుపుతూ మూడు వాక్యాలు కొట్టింది, చెరిపేసింది. కిందటేడు పై ఆఫీసువాళ్ళు ఆమె పని గురించి రాస్తూ "మొగుడి టీము వైపు కాస్త మొగ్గు" అని ఒక ముక్క కలిపారు. ఆ ముక్క ముల్లులా గుచ్చుకుని ఉంది. అదీగాక, మంచుటీము చేతికి వెళ్తే నాలుకలు వేలమంది మంచాలకు త్వరగా చేరతాయని తనకు తాను చెప్పుకుంది. అందులో నిజం లేకపోలేదు. సగం నిజం చేతికి దొరికితే మనిషి తక్కిన సగం కోసం వెతకడు. బుధవారం సాయంత్రం ఆరయింది. గడువు దాటింది.

"విన్నావుగా," అన్నాడు ఆయన భార్య వైపు తిరక్కుండానే. "పాతికేళ్ళ స్నేహం. ఊరుకున్నాడట."

ఇప్పుడు చెప్పాలి. ఈ క్షణమే చెప్పాలి. ఆమె నోరు తెరిచింది.

"కాఫీ చల్లారిపోతోంది అన్నయ్యా," అంది.

"వద్దులేమ్మా," అన్నాడు మరమేకు. ఆ గొంతులో నిష్ఠూరం కూడా లేదు. ఉంటే బావుండేది. సంచి గుమ్మం పక్కన పెట్టి మెట్లు దిగిపోయాడు. ఆయన కాలితో సంచిని అవతలికి నెట్టి తలుపు వేశాడు.

*

పన్నెండింటికి ఆమె పక్కగదిలో కూర్చుని మంచుటీము పెద్దావిడతో మాట్లాడింది. తెర మీద ఆవిడ వెనక కిటికీ, కిటికీ నిండా తెల్లదనం.

"ఒక్క నమూనా వదిలెయ్యండి," అంది వంతెనమ్మ. "దాని మీద రోగి ఉంది. మా అత్తగారు."

"అయ్యో, నాకు తెలీదు. నిజంగా బాధగా ఉంది," అంది పెద్దావిడ. నిజంగానే బాధపడింది, ముఖంలో కనబడుతోంది. "కానీ సోమవారం నలభై మంచాల మీద పరీక్ష మొదలు. మీ దగ్గరున్నదే అన్నిటికన్నా ఎక్కువ రోజులు నడిచిన పరుపు. రబ్బరు ఎంత అరిగిందో చూడాలంటే అదే కావాలి. అది లేకపోతే పరీక్ష ఆగిపోతుంది."

"మేం అభ్యంతరం చెప్పుంటే?"

"చెప్పుంటే ఆగేవాళ్ళం. ఆ మాటకొస్తే నేను ఎదురుచూశాను కూడా. అంత మంచి పని చేసినవాళ్ళు ఊరికే ఎందుకు ఇస్తారు, గట్టిగా పోట్లాడతారు అనుకున్నాను. మూడో రోజు సాయంత్రం దాకా ఒక్క ముక్కా రాలేదు. సరే, వాళ్ళకు ఇష్టమే కాబోలు అనుకున్నాం."

వంతెనమ్మ తెర మీది తెల్లటి కిటికీ వైపు చూపు తిప్పుకుంది.

"తిరగదోడే దారి ఒకటుంది కదా, ఆ రూలుకు మీరు తరవాత కలిపిన ముక్కలోనే," అంది పెద్దావిడ. "నోటీసు అందాల్సిన మనిషికి అందలేదని గడువులోపలే కోఆర్డినేటరుకు తెలిసుంటే, ఆ సంగతి ఒప్పుకుని మళ్ళీ తెరవొచ్చు. మూడు పనిదినాలపాటు అన్నీ ఎక్కడివక్కడ ఆగిపోతాయి. ఆ మూడు రోజుల్లో మూడు టీముల్లో ఎవరూ కాదనకపోతే మొదటి నుంచి మాట్లాడుకోవచ్చు. మావైపు నుంచి నేను కాదనను. కానీ అది మీకు పనికిరాదు లెండి."

"ఎందుకు?"

"మీకు తెలిసుంటే మీరు ఊరుకునే మనిషి కాదు కదా!"

తెర ఆరిపోయాక కూడా ఆమె చాలాసేపు అలాగే కూర్చుంది. తన గొయ్యి తనే తవ్వుకోవడం అంటే ఇదే. అందులోకి దిగడానికి నిచ్చెన కూడా తనే వేసి పెట్టుకుంది.

*

నాలుగు గంటలకొకసారి ముసలావిడను పక్కకు తిప్పాలి. ఒంటి కింద పరిచిన దుప్పటి నాలుగు కొసలు ఇద్దరూ చెరో రెండు పట్టుకుంటారు. లెక్క పెట్టేది ముసలావిడే. "ఒకటి, రెండు, లేపండి!" అని ఆజ్ఞ ఇస్తుంది. రెండేళ్ళలో ఆ భార్యాభర్తలు ఒక్కసారి కూడా ముందూ వెనకా కాలేదు. ఇంట్లో ఎంత గొడవ జరుగుతున్నా ఆ మూడు మాటల దగ్గర ఒక్కటయ్యేవారు. పన్నెండున్నరకు అలాగే తిప్పారు. ఆయన ముందుగదిలోకి వెళ్ళిపోయాడు.

"ఆ మరమేకు వెధవను ఎందుకమ్మా వీడు అన్నేసి మాటలన్నాడు?" అంది ముసలావిడ.

"ఏదో ఆఫీసు గొడవ అత్తయ్యా."

"ఆఫీసు గొడవే. నువ్వూ ఆఫీసేగా. నువ్వెందుకు నోరు మెదపలేదు?"

వంతెనమ్మ దిండు సర్దింది. అది సర్దుకునే ఉంది.

"అమ్మాయ్, ముప్పై ఏళ్ళు టెలిఫోను ఎక్స్ఛేంజీలో కూర్చున్నాను నేను. వాళ్ళనీ వీళ్ళనీ కలిపే పని. నీ పనిలాంటిదే. చెవికి ఒకటి పట్టుబడింది. లైను తెగిపోతే వచ్చే నిశ్శబ్దం వేరు. లైను బాగానే ఉండి, అవతల మనిషి ఊపిరి బిగబట్టుకుని ఊరుకుంటే వచ్చే నిశ్శబ్దం వేరు. పొద్దున్న గుమ్మం దగ్గర వాడు మాట్లాడుతున్నప్పుడు నాకు రెండోది వినబడింది. వంటింటి వైపు నుంచి."

"అత్తయ్యా..."

"నాకు చెప్పకు. నాకు చెబితే నీ బరువు తగ్గుతుంది, వాడిది తగ్గదు." ముసలావిడ కళ్ళు మూసుకుంది. "మౌనం అర్ధాంగీకారం అంటారు గానీ, అది పెళ్ళిచూపుల్లో మాట. తక్కినచోట్ల మౌనమంటే భయం. అంతే."

పరుపులో ఎక్కడో ఒక నాలుక కొద్దిగా తెరుచుకుంది. చిన్న నిట్టూర్పులాంటి చప్పుడు. ఆ చప్పుడు వింటూ ఆమె మంచం పక్కనే కూర్చుండిపోయింది. రేపు ఈపాటికి ఈ గదిలో ఆ చప్పుడు ఉండదు. పదిహేను రోజులకు ఆ నడుము మీద ఎర్రగా కందుతుంది. ఆ తరవాత ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. ఆ పుండుకు రోజూ మందు రాసిన చేతులే ఇవి.

ఏడుపు వచ్చింది. ఏడిస్తే సరిపోయే పని కాదని మింగేసింది.

*

మూడున్నరకు పక్కగదిలోకి వెళ్ళి ఫారం తెరిచింది. తను తయారుచేసిన ఫారమే. నిండా గళ్ళు. చివరి గడిలో ప్రశ్న: గడువులోపల కోఆర్డినేటరుకు తెలిసిందా? ఔను, కాదు.

ఔను నొక్కింది. కింద వివరం రాయమంది. రాసింది.

"సోమవారం ఆసుపత్రి వరండాలో నోటీసు చదివాను. నమూనాల గది పెద్దకు తెలియదని నాకు తెలుసు. మంగళవారం లేతు మేస్త్రి ఫోన్ చేశారు. నేను చూసుకుంటానని చెప్పాను. చూడలేదు. తప్పు మేస్త్రిది కాదు. నాది."

ఇది పంపితే ఒక కాపీ పై ఆఫీసుకు వెళ్తుంది. పన్నెండేళ్ళ వంతెన కూలడానికి ఈ ఏడు వాక్యాలు చాలు. అదికాదు ఆమెను ఆపుతున్నది. మూడు టీములకూ కాపీలు వెళ్తాయి. మూడింటిలో ఒకటి ముందుగదిలో కుర్చీలో కూర్చుని ఉంది.

లేచి వెళ్ళి నోటితో చెప్పొచ్చు. పది అడుగులు. కుర్చీలోంచి లేవలేదు. మూడు దేశాల మనుషుల్ని మాట్లాడించిన మనిషికి సొంత మొగుడితో మాట్లాడటానికి ఒక ఫారం కావలసి వచ్చింది.

పంపింది.

గోడ అవతల ఆయన ఫోను టింగుమంది.

ఆమె లెక్కపెట్టుకుంది. ఫోను తీసి ఉంటాడు. కళ్ళజోడు వెతుక్కుని ఉంటాడు. మొదటి వాక్యం. రెండోది. కుర్చీ కిర్రుమన్న చప్పుడు.

గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. అరుస్తాడనుకుంది. గొంతు చాలా నెమ్మదిగా ఉంది.

"మంగళవారం వాడు నీకు ఫోన్ చేశాడా?"

"చేశారు."

"చూసుకుంటానన్నావా?"

"అన్నాను."

"పొద్దున్న ఆ గుమ్మంలో వాణ్ణి నానా మాటలూ అన్నాను. తొమ్మిది రోజులుగా అంటున్నాను. వాడు నీకోసం ఊరుకున్నాడు. నువ్వు ఎవరికోసం ఊరుకున్నావు?"

"భయమేసిందండీ."

"ఎవరంటే?"

"పై ఆఫీసంటే. నా పేరు పోతుందని. తరవాత మీరంటే. రోజు గడిచేకొద్దీ మీరంటేనే ఎక్కువైంది."

ఆయన తలుపు చట్రానికి చెయ్యి ఆనించాడు. "పరుపు సంగతి నాకు అర్థమవుతుంది. ఉద్యోగమన్నాక సవాలక్ష ఉంటాయి. ఇటా అటా అని ఊగి, పొరపాటు చేశావు. క్షమించేవాణ్ణేమో కూడా. కానీ వాడు తల వంచుకుని నిలబడితే నువ్వు కాఫీ చల్లారిపోతోందన్నావు చూడు..."

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెళ్ళయిన పదహారేళ్ళలో, తల్లికి పక్షవాతం వచ్చిన రోజున కూడా ఆమె ఆ కళ్ళలో నీళ్ళు చూడలేదు.

"ఇప్పుడైనా చెప్పాను కదండీ. మూడు రోజులు ఆగుతుంది. పరుపు ఇక్కడే ఉంటుంది. మంచుటీము పెద్దావిడ కాదననంది. దీవిటీము వాళ్ళకు పట్టదు. అంతా మళ్ళీ మొదటి నుంచి..."

ఆయన ఫోను మీద వేలు కదుపుతున్నాడు. ఆమె చేతిలోని ఫోను టింగుమంది.

రూలు ప్రకారం మనుషుల పేర్లు ఉండవు, టీము పేరే ఉంటుంది. అదీ ఆమె పెట్టిన పద్ధతే. ఎవరిమీదా ఎవరికీ కోపాలు ఉండకూడదని.

"నమూనాల గది: మళ్ళీ తెరవడానికి అభ్యంతరం ఉంది. పరుపు రేపు పదిన్నరకు సిద్ధంగా ఉంటుంది."

"ఇదేమిటండీ!" ఆమె లేచి నిలబడింది. "నా మీద కోపం అత్తయ్య మీద తీరుస్తారా?"

"నాలుకలు ఇక్కడ ఉంటే నా పని వల్ల ఉండాలి. నీ తప్పు ఒప్పుకోలు వల్ల కాదు. అలా మిగిలిన పరుపు మీద మా అమ్మను పడుకోబెట్టలేను."

"పుండు పడుతుంది!"

"వాడు రెండ్రోజుల్లో మళ్ళీ కోసిస్తానన్నాడు. ట్యూబులు మోసుకుని గుమ్మం దాకా వచ్చాడు. కంపెనీ సొత్తు మళ్ళీ చేశానని ఉద్యోగం తీసేస్తే తీసేస్తారు." అంటూనే ఎవరికో ఫోన్ కలిపాడు. అవతల ఎత్తినట్టున్నారు. "ఒరేయ్... నేనేరా... ఏమీ అనకు. ఒకసారి రా. అమ్మను పరుపు మీంచి దించాలి. దించడానికి ఇద్దరు కావాలి."

ఇద్దరు కావాలి. ఆ మాట ఆమె ఎదురుగా నిలబడి అన్నాడు.

వీధి తలుపు తీసి, పొద్దున్న కాలితో నెట్టిన గుడ్డసంచిని వంగి రెండు చేతులతో తీసుకున్నాడు. దాన్ని పట్టుకుని తల్లి గదిలోకి వెళ్ళాడు. ఆమె వెనకే వెళ్ళింది. ఇంకెక్కడికి వెళ్ళాలో తెలియలేదు.

గడియారంలో నాలుగున్నర. తిప్పే వేళ.

"మరమేకు వస్తున్నాడమ్మా," అన్నాడు ఆయన.

"రానీ. అమ్మాయి ఇంట్లోనే ఉందిగా, ఎత్తడానికి వాడెందుకురా?"

కొడుకు కిటికీ దగ్గరికి వెళ్ళి వీధి వైపు చూస్తూ నిలబడ్డాడు.

వంతెనమ్మ మంచానికి ఇవతల ఎప్పుడూ నిలబడేచోట నిలబడింది. వంగి తన వైపు రెండు కొసలూ పట్టుకుంది. ముసలావిడ అలవాటుగా కళ్ళు మూసుకుంది.

"ఒకటి," అంది. "రెండు..."

దుప్పటి ఒకవైపే బిగిసింది. ముసలావిడ ఆగింది. కళ్ళు తెరిచి కోడలి వైపు చూసింది, కిటికీ దగ్గరున్న కొడుకు వీపు వైపు చూసింది.

"హలో," అంది మెల్లగా, ఎక్స్ఛేంజీలో కూర్చున్న రోజుల గొంతుతో. "లైనులో ఉన్నారా, తెగిపోయిందా?"